తొమ్మిదో పాదం దగ్గర

గురువారం రాత్రి ఏడింటికి, హల్ రేవు వెనకవీధి బడిలో
పిల్లల బల్లల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాం
పదకొండుమంది ఆడవాళ్లం. అందరివీ తాడు కోసిన చేతులే.
ఒక్క డోరీన్‌వి కావు, తనది బిస్కెట్ల ఫ్యాక్టరీ.

పంతులు ఆంబ్రోజ్ పికరింగ్‌కి ఇరవయ్యారేళ్లుంటాయేమో.
సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది.
ఎప్పటిదో పాత ప్రేమ సానెట్ ఒకటి బోర్డుమీద దించి
"ఇందులో అలంకారాలు పట్టుకోండి" అన్నాడు,
గూట్లోంచి తప్పించుకున్న కోళ్ల సంగతి చెప్పినట్టు.

పట్టుకున్నాం.
ఆమె కనుబొమ్మ వంతెనలాంటిది. "లాంటి" ఉంది గనక ఉపమ.
ఆమె నవ్వు తెరిచిన కిటికీ. "లాంటి" లేదు గనక రూపకం.
ఒక్క మాట ఊడితే చాలు, పోలిక కాస్తా అదే అయి కూర్చుంటుంది.
"పెళ్లీ అంతే" అంది వెనకనించి మేబెల్.
ఆమె నడిచిన దారిలో మంచు సిగ్గుపడి కరిగిందట.
అది ఉత్ప్రేక్షో, అతిశయోక్తో, పంతులుకే తేల్లేదు.
ఆమె కళ్ల గురించి మూడు పాదాలున్నాయి.
నాకు కన్ను అంటే ముందు వల కన్ను.

అందుకే అంత్యప్రాస చెప్పగానే అర్థమైంది.
మొదటి పాదం కొస మూడోదాంట్లో పలకడం,
రెండోది పోయి నాలుగోదానికి చిక్కుకోవడం.
పదహారో ఏటినించి నేను చేస్తున్నది అదేగా.
పెరటి గోడ మేకుకి తగిలించి,
ఒక కన్ను వదిలి ఇంకో కన్నులోకి సూది తిప్పి,
ట్రాలర్లకి వలలు అల్లుతాను. గజానికింత అని కూలి.
వలలో ఎక్కువభాగం ఖాళీయే, అన్నాను.
పంతులు సుద్ద కింద పెట్టి ఆ మాట రాసుకున్నాడు.

తర్వాత ఏడో పాదం.
"నా హృదయం చిన్న పడవ, నీ మౌనం సముద్రం."
అందరూ పెన్సిలుతో గీత గీశారు. రూపకం, రూపకం.
నేను గీయలేదు.
మా వీధిలో సముద్రం దేనికీ పోలిక కాదు.
జీతమిచ్చే చోటు. ఓడ బయల్దేరిన రోజు
బట్టలుతకం, మనిషి కొట్టుకుపోతాడని.
చెయ్యి ఊపం, ఆ ఊపు అలకి అందుతుందని.
ఇరవయ్యొక్క రోజులు ఐస్‌లాండ్ వైపు,
మూడు రోజులు ఇంట్లో,
మళ్లీ ఇరవయ్యొక్క రోజులు.
ఇదీ మా ఛందస్సు.

"మీరెందుకు గీయలేదు, మిసెస్ బ్లెంకిన్?"
"అది అలంకారం కాదండీ, అడ్రసు."
నవ్వారు. నేనూ నవ్వాను.

తొమ్మిదో పాదం దగ్గర పద్యం పక్కకి తిరుగుతుందట.
అంతదాకా పొగిడినవాడు "కానీ" అంటాడు.
కానీ ఇవన్నీ ఎక్కడెక్కడో విన్న మాటలు,
నిన్ను చూసి అన్నవి కావు, అంటాడు.
ఆ "కానీ" దగ్గర నాకు సిరిల్ గుర్తొచ్చాడు.
మా ఆయన నన్ను దేనితోనూ పోల్చిన పాపాన పోలేదు.
పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి
నా మెడ దగ్గర తల పెట్టి "తారు వాసన" అన్నాడు.
ఫిర్యాదో, ముద్దో, ఇప్పటికీ తెలీదు.
రెండర్థాలుంటే శ్లేష అంటారని ఇవాళే నేర్చుకున్నా.

చివరి రెండు పాదాలూ జంటగా ముడిపడతాయి.
వల కొసన సంచికి వేసే ముడి ఒకటుంది.
టన్నుల చేపల్ని మోస్తుంది, నీళ్లలో ఎంత ఈడ్చినా ఊడదు.
డెక్కుమీదికొచ్చాక కొస పట్టి ఒక్క లాగు లాగితే
మొత్తం జారిపోతుంది, వెండిగా, బూట్లమీదుగా.
అలాంటి ముడి తెలిసినవాడే అయ్యుంటాడు ఆ కవి,
లేకపోతే వాళ్లావిడ.

పంతులు బోర్డు తుడిచేశాడు. పద్నాలుగు పాదాలూ
ఆయన కోటు చేతిమీద తెల్లగా మిగిలాయి.

బయట పొగమంచు. వీధిదీపాలు
దేనిలాగో ఉన్నాయి అనబోయి ఆగాను.
వీధిదీపాల్లాగే ఉన్నాయి.

సిరిల్ వచ్చేది రేపు తెల్లవారుజామున.
పెరట్లో సగం వల వేలాడుతోంది.
లాంతరు పెట్టుకుని ఇంకో రెండు వరసలల్లాను.
చేతులు కడుక్కుందామని లేచి,
కడుక్కోలేదు.